చలి తగ్గిన యేటి సేద్యము: రాబోవు ఋతువులను గూర్చి రైతులు తెలియవలసిన విషయములు

కార్తికము మొదలు మాఘము వఱకు పెట్టవలసినంత చలి పెట్టని యేట రైతుల మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. పొలముననున్న పైరు గతి యేమి? రాబోవు ఎండలును వానలును ఎట్లుండును? మొదటి ప్రశ్నకు స్పష్టమైన జవాబు కలదు. చేయదగిన పనులును కలవు. రెండవ ప్రశ్నకు చలి యొక్కటియే జవాబు చెప్పజాలదు. ఈ రెంటిని వేఱుపఱచి చూడని రైతు చేతనున్న పైరును ఉపేక్షించి, రాని వానను నమ్మి విత్తనమును పోగొట్టుకొనును.

1. చలి యేల తగ్గును?

తెలంగాణమునకు చలి ఉత్తరపు గాలితో వచ్చును. హిమాలయ ప్రాంతములపై పడమటినుండి తూర్పునకు సాగు గాలి అలజడులు దాటిపోయిన పిదప పొడిగాలి దక్షిణమునకు దిగును. ఆకాశము నిర్మలముగానున్న రాత్రి నేల తన వేడిని విడుచును గనుక తెల్లవాఱు జామున చలి హెచ్చును. ఆదిలాబాదు ప్రాంతమునకు ఈ గాలి ముందుగా తగులుటచే అచ్చట చలి యధికము. ఇందుకు మాఱుగా బంగాళాఖాతమునుండి తేమగాలి వీచి మబ్బు క్రమ్మినచో, గొంగడి కప్పినట్లు నేలవేడి పైకి పోక నిలుచును. రాత్రులు వెచ్చబడును.

ఇట్టి సంవత్సరములు ఇటీవల తఱచైనవి. 1901 మొదలు వ్రాసియుంచిన లెక్కలలో, దేశమంతటి పగటి వేడిమి సరాసరిని బట్టి, 2023 ఫిబ్రవరి నాటివఱకు వచ్చిన ఫిబ్రవరులన్నిటిలో మిక్కిలి వేడియైనది. పగలు రాత్రి కలిపి చూచిన సరాసరిలో 2025 ఫిబ్రవరి అంతకు ముందటి ఫిబ్రవరులన్నిటిని మించెను.

2. పైరులకు కలుగు నష్టము

ఆకు పగటియెండలో ఆహారమును చేయును. రాత్రి శ్వాసించుటలో దానిలో కొంత ఖర్చగును. రాత్రి వెచ్చనైనకొలది ఈ ఖర్చు హెచ్చి గింజకు చేరు భాగము తగ్గును. వెచ్చదనము వలన పైరు త్వరపడి పూచి, త్వరపడి పండును. గింజ పాలుపోసికొను దినములు తగ్గుటచే తాలు హెచ్చును. ఫిలిప్పీను దేశమునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు తమ పొలములలోని పంటలను పరిశీలించి 2004లో ప్రకటించిన దానిని బట్టి, ఎండకాలపు వరికి రాత్రి వేడిమి ఒక డిగ్రీ హెచ్చగా దిగుబడి నూటికి సుమారు 10 పాళ్లు తగ్గినది. ఉత్తరదేశమున 2022 మార్చి ఎండలకు గోధుమగింజ సన్నగిల్లెను; ఆ సంవత్సరము మే 13వ తేదీన గోధుమల ఎగుమతి నిషేధింపబడెను.

3. పైరుల వారీగా చేయవలసిన పనులు

శనగ: పూతదశలో ఎండ 35 డిగ్రీలు సమీపించినచో పూత రాలును. మబ్బుపట్టిన వెచ్చని దినములలో కాయతొలుచు పురుగు విజృంభించును. ఎకరమునకు 15, 20 చోట్ల ఎండుకొమ్మలు పాతినచో పక్షులు వ్రాలి పురుగులను తినును. లింగాకర్షక బుట్టలు ఎకరమునకు 4 కట్టి పురుగు రాకను కనిపెట్టవలెను. చిన్నపురుగుల దశయందే వేపగింజల కషాయము నూటికి 5 పాళ్ల చొప్పున చల్లవలెను. నీటివసతి యున్నచో కాయ పట్టునపుడు ఒక తడి యిచ్చుట మేలు.

జొన్న, కుసుమ: హస్త చిత్త కార్తెలలో నల్లరేగడిన విత్తిన ఈ పైరులు నేలలోని తేమతోనే పండవలెను. చలి తగ్గినచో ఆ తేమ త్వరగా ఆఱిపోయి నేల నెఱ్ఱెలు వాఱును. సాళ్లనడుమ గుంటక తోలి నెఱ్ఱెలు పూడ్చినచో పైమన్ను పొడియై లోనితేమను కాపాడును. ఇందుకు పైకమక్కఱలేదు, ఒక జత యెడ్లు చాలును. కుసుమకు పేనుబంక పట్టును గాన వారమున రెండుమాఱులు లేతకొనలను పరిశీలింపవలెను.

తాబి వరి: ఈ పైరునకు చలి తగ్గుట మొదట మేలే. నారు ఎఱ్ఱబాఱక త్వరగా ఎదుగును. కాని వాడుకగా లెక్కించు దినములు నిండునని వేచియున్నచో నారు ముదురును. దినములను గాక ఆకులను చూచి, నాలుగైదు ఆకులు వచ్చినతోడనే నాటవలెను. ఆలసించి నాటిన వరి ముదురు ఎండలలో పూచును. పూచువేళ వేడిమి 35 డిగ్రీలు మించినచో పుప్పొడి చెడి గింజ పట్టదు.

మామిడి: పూమొగ్గ కట్టుటకు చల్లని రాత్రులు వలయును. అవి లేనిచో చెట్టు పూతకు బదులు లేతచిగురు వేయును. పూచినను కొమ్మకొక తీరుగ పూచును. పూత రాకమునుపు నీరు పెట్టినచో చిగురు మఱింత హెచ్చును గనుక నీరు ఆపవలెను. పిందె బఠాణీగింజంత యైన పిదపనే నీరు పెట్టవలెను. తేనెమంచు పురుగును, బూడిద తెగులును ఇట్టి యేట ముందుగానే కనబడును.

చెఱకు: చలియు పొడిగాలియు తగిలిననే గడలో చక్కెర నిలుచును. చలి లేనిచో గడ పెరుగుచునేయుండి రసము పలుచనగును. కనుక నఱకుటకు ముందు రసమును పరీక్షింప వలెను.

4. చలిని బట్టి వానను చెప్పవచ్చునా?

చలికాలపు గుఱుతులనుండి వానను తెలియగోరుట ప్రాచీనమైన విషయము. వరాహమిహిరుని బృహత్సంహితలో మేఘములు గర్భము ధరించిన 195 దినములకు వర్షించునని చెప్పబడినది. చలి పెట్టని యేట వానలు రావని కొందఱును, ఎండలు ముదిరి వానలు బాగుగా వచ్చునని కొందఱును అందురు. ఈ రెండు మాటలకును ఇటీవలి సాక్ష్యము చాలదు.

2023 ఫిబ్రవరి వేడియైనది. మార్చిలో తెలంగాణమున వడగండ్లు పడి మక్కకును మామిడికిని చేటు కలిగెను. నైరుతి వాయువు కేరళమునకు జూన్ 8వ తేదీన చేరి, తెలంగాణమునకు జూన్ మూడవ వారము గడచిన పిదపనే వచ్చెను. జూలై 27వ తేదీతో ముగిసిన ఒక్క దినమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో సుమారు 65 సెంటీమీటర్ల వాన పడెను. పిదప ఆగస్టున దేశమంతట వాన నూటికి 36 పాళ్లు తక్కువయ్యెను. నాలుగు నెలల మొత్తము వాడుకవానలో నూటికి 94 పాళ్లు. 2025 ఫిబ్రవరియు అట్లే వెచ్చనిది. అయినను ఆ యేట వానలు మే 24వ తేదీననే కేరళమును సోకి, మొత్తము నూటికి 108 పాళ్లు కురిసెను. గుఱుతు ఒకటే, ఫలము రెండు విధములు.

5. వానలకు గల దూరపు కారణములు

1904 మొదలు 1924 వఱకు భారతదేశపు వాతావరణశాఖకు అధిపతిగా నుండిన గిల్బర్టు వాకర్, మన వానలకును పసిఫిక్ మహాసముద్రముపై గాలియొత్తిడికిని సంబంధము కలదని కనుగొనెను. ఆ సముద్రపు తూర్పు మధ్య భాగములు వాడుకకంటె వెచ్చనగుటను ఎల్ నినో యందురు. అట్టి యేట మనకు వానలు తగ్గుట తఱచు: 2002లో నూటికి 19 పాళ్లు, 2009లో 22 పాళ్లు తగ్గినవి. కాని ఇదియు తప్పని నియమము కాదు. 1997లో ఎల్ నినో మిక్కిలి బలమైనదయ్యు, హిందూమహాసముద్రపు పడమటి భాగము వెచ్చబడి తోడ్పడుటచే వానలు నూటికి 102 పాళ్లు కురిసెను.

వాతావరణశాఖవారు నాలుగు నెలల వానను గూర్చి ఏప్రిలు నడుమ నొకమాఱును, మే కడపట నొకమాఱును అంచనా ప్రకటింతురు. అది దేశమంతటి సరాసరియగు 87 సెంటీమీటర్లను బట్టి చెప్పునదే గాని యొక గ్రామపు వానను చెప్పునది కాదు. దానిని బట్టి ఏ పంట యెన్ని ఎకరములు వేయవలెనో ఆలోచింపవచ్చును. ఏ దినమున విత్తవలెనో నిర్ణయింపరాదు.

6. వానకాలమునకు సిద్ధపాటు

(అ) వెచ్చని చలికాలము వెనుక బావులు త్వరగా అడుగంటును. తాబి సాగు చేయుటకు ముందే బావినీటిని కొలిచి, కోతవఱకు చాలునంత నేలకే నాటవలెను.

(ఆ) జొన్నచొప్పను వరిగడ్డిని అమ్మివేయక, ఆగస్టు వఱకు పశువులకు చాలునంత వామి వేయవలెను.

(ఇ) వేసవిజల్లులకు వాలునకు అడ్డముగా దున్నినచో కురిసిన వాన పాఱిపోక నేలలో ఇంకును.

(ఈ) మృగశిరలో ఒక్క జల్లు పడగానే పత్తి విత్తరాదు. 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన కురిసి, నేల జేనెడు లోతు తడిసిన పిదపనే విత్తవలెను. తొందరపడి విత్తినచో మొలక యెండి, విత్తనము, కూలి రెండును రెండవమాఱు పెట్టవలసి వచ్చును. అప్పు పుట్టుచోటు తఱచు ఇదియే.

(ఉ) ఉన్న నేలనంతయు ఒకే పైరున పెట్టరాదు. జొన్నలోగాని పత్తిలోగాని కంది సాళ్లు కలిపినచో, నడుమ వాన తప్పినను వేరు లోతుగల కంది నిలుచును. కంది, ఆముదము, ఉలవ విత్తనములను కొంత దాచియుంచినచో ముందటి పైరు పోయినను ఆగస్టున విత్తుకొనవచ్చును.

(ఊ) మంగళ శుక్రవారములందు వెలువడు వాతావరణ వ్యవసాయ సూచనలను చదివించుకొని, మందు చల్లుట, ఎరువు వేయుట, కోత కోయుట అను పనులను ఆ దినములకు తగినట్లు చేయవలెను.

చలి తగ్గిన యేడు చెడుకాలమునకు సూచకము కాదు; మంచికాలమునకు హామీయు కాదు. అది పొలముననున్న పైరును నేడే చూచుకొమ్మని చెప్పు హెచ్చరిక మాత్రమే. నేలలోని తేమను, బావిలోని నీటిని, వామిలోని మేతను, గాదెలోని విత్తనమును లెక్కించి యుంచుకొన్న రైతునకు వాన ముందు వచ్చినను వెనుక వచ్చినను సేద్యము సాగును.