వచన సూచికలను కంప్యూటర్ పట్టికలో సరైన క్రమంలో అమర్చడం

సిద్ధాంత వ్యాసం చివర ఇచ్చే లేఖన సూచికనూ, కాపరి ఏళ్ల తరబడి రాసి ఉంచుకునే ప్రసంగ వాక్యభాగాల పట్టికనూ నేడు చాలామంది ఎక్సెల్‌లో తయారు చేసుకుంటున్నారు. అయితే పట్టికను క్రమపరచడానికి సార్ట్ నొక్కగానే మత్తయి 10వ అధ్యాయం 2వ అధ్యాయానికి ముందు వచ్చి నిలుస్తుంది. ఈ తప్పు కంటికి కనబడుతుంది గనుక చేత్తో సరిచేసుకుంటాం. ఇంతకంటె ప్రమాదకరమైన మరొక తప్పు అదే పట్టికలో కంటికి కనబడకుండా జరుగుతుంది. ఈ రెండింటికీ కారణమేమిటో, నివారణ ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. వచన సూచిక ఒక సంఖ్య కాదు

రోమా 3:20 అన్నప్పుడు మనం రెండు వేర్వేరు సంఖ్యలను పక్కపక్కన రాస్తున్నాం. ఒకటి అధ్యాయానిది, రెండవది వచనానిది. ఈ రెండు విభజనలు ఒకే కాలంలో ఏర్పడినవి కూడా కావు. నేటి అధ్యాయ విభజనను 13వ శతాబ్ది ఆరంభానికి చెందిన స్టీఫెన్ లాంగ్టన్‌కు ఆపాదిస్తారు. కొత్త నిబంధనలో నేటి వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో అచ్చువేసిన గ్రీకు ప్రతి నుండి వచ్చాయి.

కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు. సూచికను అక్షరాల వరుసగా తీసుకున్నప్పుడు, నిఘంటువులో పదాలను పోల్చినట్లు ఎడమ నుండి ఒక్కొక్క గుర్తునే పోల్చుతుంది. 10లోని మొదటి గుర్తు 1. అది 2 కంటె చిన్నది. కాబట్టి 10వ అధ్యాయం ముందుకు వస్తుంది.

2. క్రమం చెడితే వాదన చెడుతుంది

కాల్విన్ 'ఇన్‌స్టిట్యూట్స్' నుండి ఉల్లేఖించే విద్యార్థికి మూడు అంతస్తులుంటాయి: సంపుటం, అధ్యాయం, విభాగం. 1559 నాటి తుది కూర్పులో 4 సంపుటాలు, 80 అధ్యాయాలు ఉన్నాయి. మూడవ సంపుటంలో విశ్వాసం గురించిన నిర్వచనం 3.2.7లోను, మారుమనస్సును గురించినది 3.3.5లోను, నీతిమంతులుగా తీర్చబడుటను గురించినది 3.11.2లోను కనబడతాయి. దేవుని ఏర్పాటును గూర్చిన చర్చ 21వ అధ్యాయంలో గాని మొదలు కాదు. కంప్యూటర్ అక్షరక్రమంలో అమర్చితే 3.11 వెళ్లి 3.2కు ముందు చేరుతుంది, 3.21 వెళ్లి 3.3కు ముందు చేరుతుంది. అంటే విశ్వాసం కంటె ముందు నీతిమంతత్వం, మారుమనస్సు కంటె ముందు ఏర్పాటు! కాల్విన్ ఏ అంశాన్ని దేని తరువాత ఉంచాడన్నదే వేదాంత పండితులు చర్చించే విషయం. అలాంటప్పుడు ఈ తారుమారు చిన్నది కాదు.

3. కనబడని నష్టం

అధ్యాయానికీ వచనానికీ మధ్య చుక్క పెట్టి 3.20 అని టైపు చేస్తే, ఎక్సెల్ దానిని దశాంశ సంఖ్యగా భావించి చివరి సున్నాను తీసివేస్తుంది. మిగిలేది 3.2. ధర్మశాస్త్ర క్రియలవలన ఎవరూ నీతిమంతులుగా తీర్చబడరని చెప్పే వచనం రోమా 3:20. దేవోక్తులు యూదులకు అప్పగించబడ్డాయని చెప్పేది రోమా 3:2. రెండూ ఉన్న వచనాలే కాబట్టి తప్పు జరిగినట్లు ఎవరికీ అనుమానం రాదు. 10, 20, 30 వచనాలన్నిటికీ ఈ గతే పడుతుంది. నా సొంత ప్రసంగ పట్టికలోనే ఇలా జరిగింది. పాత నోటుపుస్తకం తెరిచి చూసేదాకా నాకు తెలియలేదు.

రెండు చుక్కలు పెడితే 3:20ని గంటలు, నిమిషాలుగా తీసుకుంటుంది. అడ్డగీత పెడితే 3-10ని తేదీగా మార్చివేస్తుంది. ఒకసారి పోయిన సున్నా, తరువాత గడిని టెక్స్ట్‌గా మార్చినా తిరిగి రాదు. మూలంతో పోల్చి చూడడం ఒక్కటే మార్గం.

4. సరైన విధానం

మొదట, ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క నిలువు వరుస కేటాయించాలి: గ్రంథ సంఖ్య, గ్రంథం పేరు, అధ్యాయం, మొదటి వచనం, చివరి వచనం. అప్పుడు చుక్క, గీత అవసరమే ఉండదు. రోమా 3:21-26 అయితే 21 ఒక గడిలో, 26 మరొక గడిలో ఉంటాయి.

గ్రంథ సంఖ్య అంటే ఆదికాండము 1 మొదలు ప్రకటన 66 వరకు. యోహాను 43, రోమా 45. ఇది లేకపోతే గ్రంథాలు తెలుగు అక్షరక్రమంలోకి వెళ్లి, ఆదికాండము తరువాత ఆమోసు వచ్చి కూర్చుంటుంది.

తరువాత పట్టిక మొత్తాన్ని ఎంచుకొని డేటా మెనూలోని సార్ట్‌లో మొదట గ్రంథ సంఖ్య, రెండవది అధ్యాయం, మూడవది వచనం అని వరుసగా చెప్పాలి. ఒక్క నిలువు వరుసనే ఎంచుకొని క్రమపరిస్తే సంఖ్యలు తమ వాక్యభాగాల నుండి విడిపోతాయి. జాగ్రత్త!

ఒకే సంఖ్యతో క్రమపరచాలనుకుంటే, గ్రంథ సంఖ్యను 10,00,000తోను, అధ్యాయాన్ని 1,000తోను గుణించి, వాటికి వచన సంఖ్యను కలపాలి. రోమా 3:20కి 45003020 వస్తుంది. కీర్తన 119:105కి 19119105 వస్తుంది. అధ్యాయానికీ వచనానికీ మూడేసి స్థానాలు ఎందుకంటే, కీర్తనలు 150 ఉన్నాయి, 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి. కాల్విన్ విభాగాలకు కూడా ఇదే లెక్క: 3.2.7కు 3002007, 3.11.2కు 3011002. ఇప్పుడు విశ్వాసం తన స్థానంలో ముందుంటుంది.

5. మరి రెండు జాగ్రత్తలు

సిద్ధాంత వ్యాసపు సొంత విభాగాల్లో 2.3, 2.3.1 వంటివి కలిసి ఉంటే, లేని అంతస్తులో 0 వేయాలి. అప్పుడు శీర్షిక దాని ఉపశీర్షికల కంటె ముందు నిలుస్తుంది.

హెబ్రీ మూలం నుండి పనిచేసేవారు ఏ లెక్కను అనుసరిస్తున్నారో పట్టిక పైభాగంలో రాసుకోవాలి. మన తెలుగు బైబిలులోని యోవేలు 2:28 హెబ్రీ ప్రతిలో 3:1. రెండు లెక్కలు ఒకే పట్టికలో కలిస్తే ఏ సూత్రమూ వాటిని సరిచేయలేదు.

పాఠకుడు మనం ఇచ్చిన సూచికను నమ్మి బైబిలు తెరుస్తాడు. అక్కడ మనం చెప్పిన వచనమే అతనికి కనబడాలి. కాబట్టి వ్యాసాన్ని సమర్పించే ముందు, సున్నాతో ముగిసే వచనాలన్నిటినీ ఒకసారి బైబిలు తెరిచి సరిచూడండి.