పుస్తకాల మధ్య ఒక్క పాట!

రాత్రి పది. సియోల్‌లోని దేచీ-డాంగ్ ఏరియా. ఒక్కసారిగా రోడ్డంతా పిల్లలే! వీపున బరువైన బ్యాగులు, కళ్లలో నిద్ర. ఇళ్లకు తీసుకెళ్లడానికి వరసగా ఆగిన కార్లు. సినిమా వదిలారనుకుంటున్నారా? కాదు... 'హాగ్వాన్'లు వదిలారు. అంటే మన కోచింగ్ సెంటర్లన్నమాట. సియోల్‌లో రాత్రి పది దాటాక అవి క్లాసులు చెప్పకూడదు. పిల్లల్ని ఇంటికి పంపించమని రూల్ పెట్టాల్సి వచ్చిందంటే, అక్కడ చదువు ఏ రేంజ్‌లో ఉందో ఊహించుకోండి!

అంతా ఆ ఒక్కరోజు కోసమే

కె-డ్రామాలు చూసేవాళ్లకి 'సునుంగ్' తెలిసే ఉంటుంది. నవంబర్‌లో జరిగే కాలేజీ ఎంట్రన్స్ అది. ఇంగ్లిష్ లిజనింగ్ టెస్ట్ జరిగేంతసేపు విమానాలు ఎగరవు, దిగవు. స్టాక్ మార్కెట్ గంట లేటుగా తెరుస్తారు. లేటైన స్టూడెంట్‌ని పోలీసులే బండెక్కించుకుని సెంటర్ దగ్గర దింపుతారు. 'నాలుగు గంటలు పడుకుంటే సీటు, ఐదు గంటలు పడుకుంటే ఫట్టు' అనే సామెత కూడా ఉందక్కడ!

దొరికిన కాస్త టైమ్‌లో...

మరి రిలాక్స్ అయ్యేదెప్పుడు? స్కూల్‌కీ హాగ్వాన్‌కీ మధ్య దొరికే కాస్త గ్యాప్‌లో! అందుకే అక్కడి టీనేజర్ల సరదాలన్నీ చిన్న సైజులోనే ఉంటాయి.

'కాయిన్ నోరేబాంగ్' అంటే బుల్లి కరోకే గది. నాణెం వేస్తే ఒకటో రెండో పాటలు. గొంతు చించుకుని పాడేసి, బ్యాగ్ తగిలించుకుని మళ్లీ క్లాసుకి! ఫొటో బూత్‌లో దూరితే నాలుగు ఫొటోల స్ట్రిప్ చేతికొస్తుంది. కన్వీనియన్స్ స్టోర్‌లో కప్పు రామ్యన్ తింటూ ఫ్రెండ్స్‌తో నాలుగు కబుర్లు. గేమ్స్ పిచ్చి ఉన్నవాళ్లకి 'పీసీ బాంగ్' ఉండనే ఉంది. అయితే పీసీ బాంగ్‌లోకి, నోరేబాంగ్‌లోకి రాత్రి పది తర్వాత మైనర్లని రానివ్వరు. అంటే హాగ్వాన్ వదిలే టైమ్‌కే ఆట తలుపులూ మూసుకుంటాయి!

ఆపితే ఆగిందా?

పదహారేళ్లలోపు వాళ్లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేమ్స్ ఆడకూడదని 2011లో చట్టం తెచ్చారు. ఈలోగా గేమ్స్ ఫోన్లలోకి వచ్చేశాయి. పదేళ్లు చూసి, 2022 జనవరి నుంచి ఆ చట్టాన్నే ఎత్తేశారు.

ఇంకో ప్రయత్నం కాస్త వేరు. మిడిల్ స్కూల్లో ఒక సెమిస్టర్ పాటు రాత పరీక్షలుండవు. ఆటలు, ఆర్ట్స్, నచ్చిన పని గురించి తెలుసుకోవడం... అంతే. 2013లో కొన్ని స్కూళ్లలో మొదలుపెట్టి, 2016 నుంచి దేశమంతా అమలు చేశారు. ఆ ఖాళీలోనూ హాగ్వాన్‌లో చేర్పించే పేరెంట్స్ ఉన్నారనుకోండి!

హాల్ టికెట్టే డిస్కౌంట్ కూపన్

సునుంగ్ అయిపోయాక హాల్ టికెట్ చూపిస్తే సినిమా హాళ్లు, థీమ్ పార్కులు, రెస్టారెంట్లలో డిస్కౌంట్లే డిస్కౌంట్లు. ఇన్నేళ్లూ దాచుకున్న సరదా అంతా ఒక్కసారిగా బయటికొస్తుంది.

కానీ సరదా అలా దాచుకునేదా? నోరేబాంగ్‌లో నాణెం వేసే పిల్లాడికి ఆ సంగతి తెలుసు. పాడేది ఒక్క పాటే... కానీ పరీక్షయ్యేదాకా ఆగడు, ఇవాళే పాడేస్తాడు. ఇంటర్‌, ఎంట్రన్స్‌ల మధ్య నలిగిపోతున్న మన బ్యాచ్‌కి కూడా ఈ మాట పనికొస్తుంది. ఈరోజు మీ ఒక్క పాట పాడేశారా మరి?