చచ్చిన బోర్డు నాడి దొరికింది!

డిస్‌ప్లే వెలగదు. రీసెట్ మీట ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. కిలోల లెక్కన తూకానికి వెళ్లాల్సిన ఓ పాత మైక్రోప్రాసెసర్ కిట్టు నాగారంలో ఓ ఇంటి భోజనాల బల్ల మీద మళ్లీ లేచి కూర్చుంది. జబ్బు కనిపెట్టింది లక్షల ఖరీదు చేసే యంత్రం కాదు... అగ్గిపెట్టెంత డబ్బా!

ఎనభైల్లో, తొంభైల్లో ఇంజినీరింగో పాలిటెక్నిక్కో చదివినవాళ్లకి 8085 కిట్టు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ బోర్డు, కాలిక్యులేటర్‌లాంటి మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. ల్యాబ్ పరీక్షలో రెండు సంఖ్యలు కూడమంటే చేతులు వణికేవి. ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన ఆ ప్రాసెసర్ మన కాలేజీల్లో కొన్ని తరాలకు అక్షరాభ్యాసం చేయించింది. ఆ తర్వాత ల్యాబుల్లోకి పీసీలొచ్చాయి. కిట్లు అటకెక్కాయి.

అలాంటిదొకటి నాగారంలోని ఆ పెద్దాయన చేతికి చిక్కింది. ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్‌గా రిటైరయ్యారు. ‘పేరెందుకండీ, పని రాయండి చాలు’ అన్నారు. పాత సామాన్ల దుకాణంలో కిట్టు చూడగానే ఆయన కన్ను ప్రాసెసర్ మీద పడలేదట. పక్కనున్న ఈప్రామ్ చిప్పు మీద పడింది. దాని గాజు కిటికీ మీద అతికించిన కాగితం ముక్కపై ఎవరో పెన్నుతో ‘లిఫ్ట్ ప్రాజెక్ట్’ అని రాశారు. ఏ కుర్రాడు రాత్రుళ్లు మేలుకుని రాసుకున్న ప్రోగ్రామో! బహుశా దానికి మరో కాపీ ఎక్కడా ఉండదు. ఆ కాగితం ఊడి చిప్పు నేరుగా ఎండలో పడితే వారం రోజుల్లో మొత్తం చెరిగిపోతుంది. ట్యూబ్‌లైటు వెలుతురులోనైతే సుమారు మూడేళ్లు.

ఇలాంటి పనికి ఆ ప్రాంతం కొత్త కాదు. నాగారానికి దగ్గర్లోని ఈసీఐఎల్‌ను 1967లో స్థాపించారు. మొగల్లులో పుట్టిన శాస్త్రవేత్త డాక్టర్ ఏఎస్ రావు దానికి సారథి. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీద వెలిసిందే. టీడీసీ-12 కంప్యూటర్ 1969లోనూ, టీడీసీ-312 1974లోనూ, టీడీసీ-316 ఆ మరుసటి ఏడాదీ వచ్చాయి. మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చింది 1978లో. దేశంలో కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లే తక్కువగా ఉన్న రోజులవి.

ఎనిమిది తీగలు... ఒకేసారి

మరి ఆ డబ్బా ఏం చేస్తుంది? మల్టీమీటర్ పెడితే తీగలో ఓల్టేజీ ఎంతో తెలుస్తుంది గానీ, సెకనుకు లక్షలసార్లు మారే సంకేతం దానికి అందదు. మామూలు ఆసిలోస్కోపు చూపిస్తుంది కానీ, ఒకసారికి రెండు తీగలో నాలుగో. ప్రాసెసర్ మాట్లాడేది మాత్రం ఎనిమిది, పదహారు తీగల మీద! లాజిక్ ఎనలైజర్ వాటన్నిటినీ ఒకేసారి వింటుంది. ఓల్టేజీ ఎంత అన్న గొడవ దానికి లేదు. ఉందా, లేదా... ఒకటా, సున్నానా... అంతే. 1973లో హ్యూలెట్ ప్యాకార్డ్ మొదటి ఎనలైజర్లు తెచ్చినప్పుడు అవి పెద్ద ల్యాబులకే పరిమితం. ఇప్పుడు ఎనిమిది తీగలు చూసే డబ్బా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. యూఎస్‌బీకి తగిలిస్తే చాలు. సిగ్రోక్ వాళ్ల పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం. పెద్దాయన దగ్గరున్నది బీటెక్ చదివే మనవడు తెచ్చిచ్చింది.

ఇది సెకనుకు రెండు కోట్ల నలభై లక్షలసార్లు తీగలను చూస్తుంది. ఈ కాలపు ప్రాసెసర్లకు ఆ వేగం ఏమూలకూ చాలదు. 8085 గడియారం సెకనుకు ముప్పై లక్షలసార్లే కొట్టుకుంటుంది కాబట్టి ఒక్కో దెబ్బకు ఎనిమిది చూపులు దక్కుతాయి. పాత యంత్రానికి చవక పరికరం సరిగ్గా సరిపోయిందన్నమాట!

‘అందరూ మొదట ఐసీ పోయిందంటారు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెచ్చి పెడతారు. నేను ముందు నాడి చూస్తా’ అన్నారాయన. గడియారం, రీసెట్, చదివే సంకేతం, రాసే సంకేతం... ఒక్కోదానికీ క్లిప్పు తగిలించి రీసెట్ నొక్కారు. తెరమీద గీతలు గబగబా కదిలాయి. ప్రాసెసర్ బతికే ఉంది! మరి అంకెలెందుకు రావడం లేదు?

ఇక్కడో చిక్కొచ్చింది. డేటా తీగలే ఎనిమిది. రీసెట్‌కూ, చదివే సంకేతానికీ మరో రెండు కావాలి. డబ్బాకున్నవి ఎనిమిదే. తాతగారి ఉపాయం విన్నాక, ఇంతేనా అనిపించింది. రీసెట్ చేసిన ప్రతిసారీ 8085 సున్నా చిరునామా నుంచే మొదలవుతుంది, అదే దారిలో నడుస్తుంది. కాబట్టి మొదటి విడతలో ఆరు డేటా తీగలు, రెండో విడతలో మిగతా రెండు. రెండు చిత్రాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చదవడమే!

కిట్టు మాన్యువల్ ప్రకారం మొదటి బైటు సీ3. అంటే 11000011. ‘ఫలానా చోటికి దూకు’ అనే ఆజ్ఞ. తెరమీద కనిపించింది మాత్రం 01000011... అంటే 43. ఆ భాషలో దానర్థం ‘ఈ గదిలోని అంకెను బీ గదిలో పెట్టు’ అని! దూకాల్సినవాడు గడప దగ్గరే నిలబడి సామాన్లు సర్దుకుంటుంటే బండి ఎలా కదులుతుంది? చివరి తీగ ఏడీ7 ఒక్కసారి కూడా పైకి లేవడం లేదు.

ప్రాసెసర్‌కి ఏడీ7 పంతొమ్మిదో కాలు. పక్కనే ఇరవయ్యోది గ్రౌండ్. బోర్డు తిరగేసి భూతద్దం పెడితే ఆ రెండింటి మధ్యా వెంట్రుకంత సీసం పోగు! ఎప్పుడో ఎవరో టంకం వేసినప్పుడు జారినట్టుంది. బ్లేడు అంచుతో గీరేశారు. ఈమాత్రం మల్టీమీటర్‌తో పట్టలేమా అని అడిగాను. ‘ఎందుకు పట్టలేం? ఎక్కడ పెట్టాలో తెలిస్తే!’ నవ్వారాయన.

డబ్బా చవకే గానీ మొండిది కాదు. అయిదు ఓల్టుల బోర్డుల వరకే దీని ఆట. పాత సీరియల్ పోర్టుల్లో, కొన్ని పాత మెమరీ చిప్పుల్లో పన్నెండు ఓల్టులు, మైనస్ ఓల్టులు ఉంటాయి. అక్కడ క్లిప్పు పెడితే డబ్బాతో పాటు ల్యాప్‌టాప్‌కీ ముప్పే. అన్నిటికంటే ముందు గ్రౌండ్ తీగ తగిలించాలి. అదే మరిచిపోయి గంటసేపు పిచ్చిగీతలు చూశాడట మనవడు.

కిట్టు లేచాక అసలు పని మొదలైంది. తాత ఒక్కో చిరునామా నొక్కి అంకెలు చదవడం, మనవడు ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం. చిప్పులో 2048 బైట్లున్నా మూడొందలు దాటాక అన్నీ ఎఫ్ఎఫ్‌లే, అంటే ఖాళీ. కాపీ అయ్యాక, ఆ ప్రోగ్రామ్‌నే నడిపి చూద్దామన్నాడు మనవడు. మీట నొక్కారు. ఎర్రటి అంకె ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మెల్లగా మారి, నాలుగు దగ్గర ఆగింది.

‘తలుపు తెరుచుకుంటోంది తాతా’ అన్నాడు కుర్రాడు.