నల్ల కారుకు నిగనిగలు!

సింగరేణి బొగ్గుకు పేరుపడ్డ బెల్లంపల్లిలో నల్ల కారును మెరిపించడం చిన్న పనేం కాదు. తెల్ల కారు మీద కనిపించని చారలూ మరకలూ నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి మరి!

ముందుగా, దుమ్మును పొడిబట్టతో తుడవకండి. అందులోని రేణువులు రంగును గీరేస్తాయి. కారు షాంపూతో కడిగి, తడి లేకుండా ఆరనివ్వండి. ఎండకు కాలిన బానెట్ మీద వ్యాక్స్ ఇట్టే అట్టకడుతుంది. అందుకే నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. పేస్టు వ్యాక్స్‌ను ఒక్కో భాగానికే పలుచగా పూయాలి. ఎక్కువ పూస్తే వచ్చేది మెరుపు కాదు, చారలే! వేలితో రాస్తే పొడిలా రాలినప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. గుడ్డ తిరగేసి మరోసారి తుడవండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు అంటనివ్వకండి. ఆ తెల్ల మరకలు ఓ పట్టాన పోవు.

చివరగా పక్కనుంచి వంగి చూడండి. మీ ముఖం స్పష్టంగా కనిపిస్తే పని పూర్తయినట్టే!