రాలే ఆకుకు ఎర్ర రక్షరేకు

మామిడి చిగురు ఎర్రగా పుడుతుంది. నాలుగు రోజులు తోపంతా రాగిరంగులో మెరిసి, ముదిరేకొద్దీ పచ్చబడుతుంది. ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో పెరిగే ఎర్ర మేపుల్ చెట్టు వైభవమంతా ఆఖర్న. వేసవంతా పచ్చగా ఉన్న ఆకు శరత్కాలపు చలి తగలగానే కుంకుమ పులుముకుంటుంది. ఇక్కడ పుట్టే ఆకుకూ అక్కడ రాలే ఆకుకూ ఎరుపునిచ్చేది ఆంథోసయనిన్లే. నేరేడు పండు తింటే నాలుక ఊదాగా మారేదీ వీటివల్లే.

శరత్తులో కనిపించే పసుపు రంగు మొదటినుంచీ ఆకులో ఉన్నదే. పచ్చదనం తొలగితే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, చెట్టు దాన్ని అప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకోవాలి. రేపో మాపో రాలిపోయే ఆకు మీద ఇంత ఖర్చెందుకు? ఆకును వదిలేముందు అందులోని నత్రజనిని చెట్టు కొమ్మల్లోకి లాక్కుంటుంది. పత్రహరితం విరిగిపోతున్న ఆ రోజుల్లో ఎండను పూర్తిగా వాడుకునే శక్తి ఆకుకు ఉండదు. మిగిలిన వెలుగు, కణాలను కాల్చే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. ఎరుపు ఆ ఎండకు తెరలా అడ్డుపడి, ఆ నిప్పురవ్వల్ని ఆర్పుతుందని చాలామంది శాస్త్రవేత్తల భావన. మనం యాంటీ ఆక్సిడెంట్ అనే మాట ఆకు భాషలో ఇదే: సామాను సర్దుకునేదాకా ఇల్లు తగలబడకుండా కాపలా.

ఎర్ర మేపుల్ ఆకు తిప్పి చూస్తే అడుగున వెండి ఛాయ, తొడిమ ఎరుపు. రుచి వగరు. కరక్కాయ వగరులాగే దీనికీ మూలం టానిన్లే. ఈ జాతి చెట్లలో చక్కెర సంబంధమైన అణువుకు గాలిక్ ఆమ్లం ముక్కలు అతుక్కుని ఉంటాయి. అలాంటి పదార్థాల్లో ఒకటి గినాలిన్-ఎ. తూర్పు ఆసియాకు చెందిన అమూర్ మేపుల్ శాస్త్రీయ నామం ఏసర్ గినాలా నుంచి వచ్చిన పేరది. ఎర్ర మేపుల్‌లో దొరికిన దాని తోబుట్టువులకు మేప్లెక్సిన్లని చెట్టు పేరే పెట్టారు. ప్రయోగశాలలో ఇవి ఫ్రీ రాడికల్స్‌ను గట్టిగానే అడ్డుకున్నాయి. ఎర్ర మేపుల్ బెరడు కషాయంతో కళ్లు కడుక్కోవడం అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలకు పాత వైద్యం.

చక్కెర మేపుల్‌ది మరో వింత. సుమారు 40 లీటర్ల తేటనీరు లాంటి రసాన్ని కాచితే ఒక లీటరు పాకం వస్తుంది. 2011లో అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో నవీంద్ర సీరామ్ బృందం ఆ పాకంలో క్యూబెకాల్ అనే కొత్త పదార్థాన్ని కనిపెట్టింది. అది చెట్టులో లేదు, పొయ్యి మీద పుట్టింది.

ప్రయోగశాలలో ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకుందని మేపుల్ ఆకును అమృతం అనుకోకూడదు. గాలికి విరిగిపడ్డ ఎర్ర మేపుల్ కొమ్మ మీది వాడిన ఆకులు మేస్తే గుర్రానికి ప్రాణం మీదికి వస్తుంది. దాని పేగుల్లోని సూక్ష్మజీవులు గాలిక్ ఆమ్లాన్ని పైరోగాలాల్‌గా మారుస్తాయి. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సీకరిస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరిగి, ఊపిరి మోసే శక్తి కోల్పోతుంది. గాజుగొట్టంలో ఆక్సీకరణను ఆపిన పదార్థమే గుర్రం ఒంట్లో రూపం మార్చుకుని ఆక్సీకరణను రగిలిస్తుంది. అందుకే పరీక్షనాళికలో నెగ్గినంత మాత్రాన ఏ ఆకు సారమూ మందైపోదు.

ఆకులోని ఆ ఎర్ర కవచాన్ని మేపుల్ మనకోసం నేసుకోలేదు. తొడిమ తెగి ఆకు నేల చేరేసరికి అందులో కంటికి మిగిలేది ఎరుపే. కావలసిన నత్రజని ఎప్పుడో కొమ్మలో భద్రపడింది. మంచు కరిగాక అదే చిగురుకు తొలి బువ్వ. ఆ చిగురు కూడా, మన మామిడి చిగురులాగే, ఎర్రగా కళ్లు తెరుస్తుంది.