ఎండల్లో హైబ్రిడ్ కారు: పిల్లల బ్యాగు ఎక్కడ పెడుతున్నారు?

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని మన పెద్దల మాట. బళ్లారిలో ఉన్నా, చంద్రపూర్‌లో ఉన్నా, రాయగడలో ఉన్నా ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. ఇప్పుడు మన వాకిళ్లలో రోళ్లు తగ్గి కార్లు పెరిగాయి. వాటిలో హైబ్రిడ్ కార్లూ చేరుతున్నాయి. వేసవి సెలవుల్లో సొంతూరికి వెళ్లాలన్నా, జూన్‌లో బడి తెరిచాక పిల్లల్ని దించి రావాలన్నా అవే దిక్కు. అయితే “బ్యాటరీ ఉన్న కారు కదా, ఇంత ఎండకు ఏమవుతుందో!” అన్న బెరుకు చాలామందిలో ఉంది. ఆ బెరుకులో కొంత నిజం, కొంత అపోహ. ఆ రెంటినీ విడదీసి చెప్పడానికే ఈ కథనం. కారు కంటే అందులో కూర్చునే పిల్లలు ముఖ్యం కాబట్టి వాళ్ల సంగతీ చెప్పుకుందాం.

మన ఊళ్ల ఎండ

మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. యానాం వంటి తీర ప్రాంతాల్లో ఆ హద్దు 37 డిగ్రీలే. 45 దాటితే ఇక పోలికతో పనిలేదు, అది వడగాలే. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో 2003 జూన్‌లో 50 డిగ్రీలు దాటింది. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది.

ఇవన్నీ నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన ఉష్ణమాపకం చూపే అంకెలు. మధ్యాహ్నం తారు రోడ్డు మీద వేడి 60 డిగ్రీలు కూడా దాటుతుంది. కారు నడిచేది ఆ రోడ్డు మీదే. కాబట్టి టీవీలో చెప్పే అంకె కంటే కారు భరించే వేడి ఎప్పుడూ ఎక్కువే.

రెండు రకాల హైబ్రిడ్

వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్న కార్లన్నీ ఒకే తీరుగా ఉండవు. మైల్డ్ హైబ్రిడ్‌లో బండిని నడిపేది పెట్రోల్ ఇంజినే. చిన్న మోటార్ దానికి చేయూత మాత్రమే ఇస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటార్ ఒంటరిగా కూడా బండిని కదిలించగలదు. టయోటా ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ ఈ రెండో కోవలోవి. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ రెండు రకాల్లోనూ దొరుకుతాయి.

ఎండాకాలంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మైల్డ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగి, కాసేపటికి వెచ్చని గాలి మొదలవుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది. ఇంజిన్ ఆగినా చల్లగాలి ఆగదు. బడి గేటు ముందు పిల్లల కోసం ఎదురుచూసే వాళ్లకు ఇది పెద్ద సుఖమే. అందులో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని తర్వాత చెబుతాం.

మనిషికి హాయి అయితే బ్యాటరీకీ హాయి

బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని సైన్స్ టీచర్లకు తెలిసిన స్థూల సూత్రం. బ్యాటరీని పాడుచేసే చర్యలకూ అది వర్తిస్తుంది. అందుకే ఎండ బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుందన్న మాట నిజం. సుమారు 15 నుంచి 35 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. మనకు హాయిగా ఉండేదీ దాదాపు ఆ వాతావరణమే.

హైబ్రిడ్‌కు కలిసొచ్చే సంగతులూ ఉన్నాయి. దాని బ్యాటరీ చాలా చిన్నది. హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీలో పట్టే కరెంటు ఒక యూనిట్ కంటే తక్కువ. చాలా ఎలక్ట్రిక్ కార్లలో అది 20 యూనిట్లకు పైమాటే. పైగా హైబ్రిడ్ కారులోని కంప్యూటర్ బ్యాటరీని పూర్తిగా నింపనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. మధ్యలోనే ఉంచుతుంది. నిండా ఛార్జింగ్, మండే వేడి రెండూ కలిస్తేనే బ్యాటరీకి ఎక్కువ చేటు. హైబ్రిడ్‌లో ఆ రెండూ కలవడం అరుదు.

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2023లో వరసగా 31 రోజుల పాటు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అటువంటి చోట కూడా హైబ్రిడ్ కార్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. మన దేశంలో టయోటా, మారుతి కంపెనీలు స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. కొనేటప్పుడు ఆ కాగితం అడిగి తీసుకుని, షరతులు చదివి దాచుకోండి.

జాలీ మూయకండి

ఇక తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన విషయం. చాలా హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీని చల్లబరచేది కారు లోపలి గాలే. సీటు పక్కనో, సీటు కిందో ఒక జాలీ ఉంటుంది. ఒక చిన్న ఫ్యాను అక్కడి నుంచి గాలిని లాగి బ్యాటరీ మీదుగా పంపుతుంది. అంటే మనం ఏసీ వేసుకుంటే బ్యాటరీకీ వేసినట్టే. మనం అద్దాలు మూసి, ఏసీ కట్టేసి ఉక్కపోతలో వెళితే బ్యాటరీ కూడా ఆ ఉక్కలోనే పనిచేయాలి.

ఇప్పుడు బడి నుంచి వచ్చే పిల్లల్ని గుర్తు తెచ్చుకోండి. బ్యాగు ఒక పక్క, టిఫిన్ సంచి ఒక పక్క, తుండుగుడ్డ ఇంకో పక్క. ఇవి సరిగ్గా ఆ జాలీ మీదే పడతాయి. సొంతూరు ప్రయాణమైతే దిండ్లు, మామిడిపండ్ల అట్టపెట్టె కూడా. గాలి అందకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. కంప్యూటర్ దాన్ని కాపాడటానికి వాడకం తగ్గిస్తుంది, చివరికి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. జాలీలో చేరే దుమ్ము, వెంట్రుకలు, బిస్కెట్ పొడి కూడా ఇదే పని చేస్తాయి. మీ కారులో జాలీ ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఏటా వేసవికి ముందు సర్వీసులో దాని ఫిల్టర్ శుభ్రం చేయమని అడగండి. పిల్లలకు ఆ చోటు చూపించి “ఇది కారు ముక్కు, దీన్ని మూయకూడదు” అని చెబితే వాళ్లే కాపలా కాస్తారు.

మైలేజీ తగ్గితే భయపడొద్దు

ఎండాకాలంలో హైబ్రిడ్ మైలేజీ కొంత తగ్గడం సహజం. ఏసీకి కరెంటు ఎక్కువ కావాలి, ఆ కరెంటు కోసం ఇంజిన్ తరచూ ఆన్ అవుతుంది. బ్యాటరీ బాగా వేడెక్కినప్పుడు బ్రేకు వేస్తే పుట్టే కరెంటును కూడా కంప్యూటర్ పూర్తిగా తీసుకోనివ్వదు. ఇది జబ్బు లక్షణం అనుకోనక్కర్లేదు, ఒళ్లు చూసుకుని పనిచేయడమే. కారు నీడలో కాసేపు ఆగి, లోపల చల్లబడ్డాక పాత తీరుకు వస్తుంది. రాకపోతే, హెచ్చరిక దీపం ఆరకపోతే సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లాలి.

కొన్ని జాగ్రత్తలు ఖర్చు లేనివి. ఎండలో నిలిపిన కారు ఎక్కేముందు తలుపులన్నీ ఒకటి రెండు నిమిషాలు తెరిచి వేడి గాలి పోనివ్వండి, తర్వాత ఏసీ వేయండి. చాలా స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో ఇంజిన్‌కు ఒకటి, ఇన్వర్టర్‌కు ఒకటి చొప్పున రెండు కూలెంట్ డబ్బాలు ఉంటాయి. రెండింటి మట్టమూ చూడండి. వేడి మీద మూత తిప్పితే మరిగే ద్రవం ముఖాన చిమ్ముతుంది, చల్లారాకే ముట్టుకోవాలి. నారింజ రంగు తీగలు ఎక్కడ కనిపించినా చేయి పెట్టకూడదు, అవి ఎక్కువ వోల్టేజీవి. టైర్ల గాలిని ఉదయం చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. దారిలో వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరిగిందని గాలి తీసేస్తే, చల్లారాక అది తక్కువ గాలితో మిగులుతుంది.

ఇంకో మాట. హైబ్రిడ్‌లో మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. ఎండ మొదట దెబ్బతీసేది చాలాసార్లు దీన్నే. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఈ చిన్నది చచ్చిపోతే కారు స్టార్ట్ కాదు. సెలవులకు బండిని వదిలి రైల్లో ఊరికి వెళ్లే వాళ్లు వచ్చాక ఇబ్బంది పడేది ఇక్కడే. వెళ్లేముందు దాన్ని పరీక్ష చేయించుకోవడం మేలు.

ఆగిన కారే అసలు ప్రమాదం

నడిచే కారులో వేడిని తట్టుకునే ఏర్పాట్లు ఇన్ని ఉన్నాయి. ఆపి ఉంచిన కారులో ఒక్కటీ లేదు. అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో వెల్లడించిన కొలతలు చూడండి. బయట సుమారు 38 డిగ్రీలున్న రోజుల్లో ఎండలో గంటసేపు నిలిపిన కార్ల లోపల గాలి సగటున 47 డిగ్రీలకు చేరింది. డ్యాష్‌బోర్డు 69, స్టీరింగ్ 53, సీట్లు 51 డిగ్రీలకు చేరాయి. నీడలో నిలిపిన కార్లలో కూడా లోపలి గాలి 38 డిగ్రీల దగ్గర ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గంటలో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. అద్దం కాస్త దించి ఉంచితే చాలనుకోవడం పొరపాటని కూడా అదే అధ్యయనం తేల్చింది.

పిల్లల శరీరం పెద్దల కంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే అది వడదెబ్బ, ప్రాణాపాయం. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు చిన్నారులు బయటకు రాలేక చనిపోయారు. ఆ వార్త ఏ ఊరి తెలుగు తల్లినైనా కలవరపెట్టేదే. కారు ఇంటి ముందు ఉన్నా తాళం వేయాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. లోపల చిక్కుకుంటే ముందు సీటులోకి వచ్చి ముందు తలుపు తెరవాలని, హారన్ ఆపకుండా మోగించాలని నేర్పండి. చైల్డ్ లాక్ ఉండేది వెనక తలుపులకే. చాలా కార్లలో బండి ఆపేసినా హారన్ మోగుతుంది.

ఇందాక చెబుతామన్న చిక్కు ఇదే. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో శబ్దం లేకపోతే కారు ఆగిపోయిందని అనుకోకూడదు. డ్యాష్‌బోర్డు మీద ‘రెడీ’ అని వెలుగుతుంటే అది నడుస్తున్నట్టే. పిల్లవాడు గేరు కదిపితే కదలవచ్చు. “ఏసీ ఉంది కదా” అని పిల్లల్ని లోపల ఉంచి కొట్టుకు వెళ్లడం అందుకే తగదు. మూసిన షెడ్డులో ‘రెడీ’లో వదిలేస్తే ఇంజిన్ దానంతట అదే ఆన్ అయి విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దిగేముందు ‘రెడీ’ దీపం ఆరిందా, వెనక సీటు ఖాళీ అయిందా అని రెండూ చూడటం అలవాటు చేసుకోవాలి.

తరగతి గదిలో ఇలా

ఇదంతా మన బడి పిల్లలకు మంచి పాఠం అవుతుంది. రెండు ఒకేలాంటి అట్టపెట్టెలు తీసుకుని, పైన గాజు పలక కానీ పారదర్శకమైన ప్లాస్టిక్ కానీ మూయండి. లోపల ఒక్కో ప్రయోగశాల ఉష్ణమాపకం పెట్టండి. జ్వరం చూసేది వద్దు, అది ఈ వేడికి పనికిరాదు, పగిలే ప్రమాదమూ ఉంది. ఒక పెట్టెను ఎండలో, ఒకదాన్ని నీడలో ఉంచి 5 నిమిషాలకోసారి అంకెలు రాయించండి. పిల్లలు నీడపట్టున ఉండి, చదివేందుకు మాత్రమే వెళ్లాలి. అరగంటకు గ్రాఫు గీస్తే కారు సంగతి వాళ్లకే అర్థమవుతుంది. ఉష్ణ వహనం, సంవహనం, వికిరణం మూడూ అక్కడే చూపించవచ్చు.

మన బడుల్లో మరో సౌలభ్యం కూడా ఉంది. మనం ఉష్ణోగ్రత అనేదాన్ని కన్నడంలో, మరాఠీలో తాపమాన అంటారు, తమిళంలో వెప్పనిలై, ఒడియాలో తాపమాత్రా. గ్రాఫు కింద తెలుగు మాట, పక్కన ఆ రాష్ట్ర భాష మాట రాయిస్తే సైన్సుతో పాటు రెండు భాషలూ పదునెక్కుతాయి. ఆ కాగితం ఇంటికి పంపండి. ఎండలో పెట్టెలోని అంకె చూశాక, పిల్లల్ని కారులో ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదిలే ముందు ఏ తల్లీ తండ్రీ ఆలోచించకుండా ఉండరు.