కారు తుప్పు: పెయింట్ వేసి కప్పేస్తే పోతుందా?

ఈరోజు టాపిక్ కారుకి పట్టే తుప్పు. చాలామంది దీన్ని అందానికి సంబంధించిన విషయం అనుకుంటారు. కాదండి. యాక్సిడెంట్ అయితే దెబ్బని ముందు తట్టుకోవాల్సింది ఆ రేకే. అది లోపల్లోపలే పొడి అయిపోతే, ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్నా బాడీలో బలం ఉండదు.

యూట్యూబ్‌లో కారు తుప్పు అని కొట్టి చూడండి, అమెరికా, కెనడా వీడియోలు బోలెడు వస్తాయి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మన నాయుడుపేటలో ఎవరూ చల్లక్కర్లేదు, సముద్రమే దగ్గరుంది. ఆదివారం తూపిలిపాళెం బీచ్‌కి పోతాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాట్. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. దీనికి తోడు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వానలు. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను టైంలో మన జిల్లాలో ఎట్లా కురిసిందో గుర్తుందిగా.

అసలు తుప్పు ఎట్లా పడుతుంది?

ఇనుము, నీళ్లు, గాలిలోని ఆక్సిజన్. ఈ మూడూ కలిస్తే తుప్పు. ఏ ఒక్కటి లేకపోయినా పట్టదు. మరి ఉప్పు ఏం చేస్తుంది? నీళ్లలో కరెంట్ సులువుగా పారేలా చేసి ఆ రియాక్షన్‌ని స్పీడ్ చేస్తుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇంకో సంగతి ఏందంటే, గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తనే నీరవుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూసే ఉంటారు. అదే పని కారు కింద కూడా జరుగుతుంది. వాన పడకపోయినా, రాత్రంతా రేకు తడిగానే ఉంటుందన్నమాట.

తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే పెయింట్ బుడగలా పైకి లేస్తుంది. బయట శనగ గింజంత బుడగ కనపడితే, లోపల అంతకన్నా ఎక్కువే పాకి ఉంటుంది. దాని మీద పుట్టీ పెట్టి పెయింట్ కొడితే? సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ చేయకుండా ఎర్రర్ మెసేజ్ దాచేయడం. కింద తడి, గాలి అట్లాగే ఉన్నాయి, పని సాగుతానే ఉంటుంది.

చిన్న మచ్చ అయితే ఇంట్లోనే ఇట్లా చేయండి

1. ఆ చోటు సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. జిడ్డు ఉంటే థిన్నర్‌తో తుడవండి. చుట్టూ మాస్కింగ్ టేప్ వేయండి.

2. 80 నంబర్ ఉప్పు కాగితంతో రుద్దండి. మెరిసే రేకు కనపడేదాకా ఆపొద్దు. తర్వాత 240, 400 నంబర్లతో పెయింట్ అంచులు నున్నగా చేయండి. మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి.

3. చిన్న గుంటల్లో కాగితం అందని తుప్పుకి రస్ట్ కన్వర్టర్ రాయండి. చాలావాటిలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. గ్లవ్స్ వేసుకోండి, డబ్బా మీద రాసిన టైం పాటించండి.

4. ఆరాక అదే రోజు ప్రైమర్ వేయండి, ఎపాక్సీ అయితే మేలు. తర్వాత కలర్, ఆపైన క్లియర్ కోట్. మామూలు ప్రైమర్‌తో వదిలేయొద్దు, అది తేమని పూర్తిగా ఆపలేదు.

రేకుకి చిల్లు పడినా, డోర్ కింది పట్టీ, జాకీ పెట్టే చోటు, సీట్ బెల్ట్ బిగించే చోటు, ఛాసిస్ తుప్పు పట్టినా ఇది మన పని కాదు. పాడైన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. పుట్టీతో సరిపెడతానంటే ఒప్పుకోవద్దు.

ఒక డౌట్ చాలామందికి ఉంటుంది. కారు కడిగిన మర్నాడు బ్రేక్ డిస్క్ ఎర్రగా కనపడితే భయపడకండి. నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. దాని మీద ఆయిల్ మాత్రం అసలు కొట్టొద్దు, బ్రేక్ పట్టదు.

రాకుండా ఏం చేయాలి?

బీచ్‌కి పోయొస్తే ఆ రోజే మంచినీళ్లతో కడగండి. పైకన్నా కింద, టైర్ల పైన ఉండే వంపుల్లో ఎక్కువ కొట్టండి. డోర్ల కింద నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. మట్టి చేరితే డోర్‌లోనే నీళ్లు నిలుస్తాయి. కేబుల్ టైతో పొడిచి క్లియర్ చేయండి. మ్యాట్ల కింద కార్పెట్ తడిస్తే ఎండబెట్టండి. తడి కారు మీద కవర్ కప్పొద్దు. కొన్నిచోట్ల సర్వీసింగ్ తర్వాత కింద డీజిల్ కొడతారు, వద్దనండి. డీజిల్‌కి రబ్బరు బుష్‌లు పాడవుతాయి, దుమ్ము పడుతుంది. అండర్‌బాడీ కోటింగ్ మంచిదే, కానీ తుప్పు తీసేశాకే. ఆ రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? మెరుపు చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడండి. మ్యాట్లు ఎత్తండి. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి డోర్ల కింది అంచుల్లో పెట్టండి. రేకుకి అతుక్కుంటుంది, మందంగా పుట్టీ ఉంటే పట్టు తప్పుతుంది. ప్లాస్టిక్ బంపర్‌కి ఎట్లాగూ అతుక్కోదు, కంగారు పడొద్దు.

ఈ వానలు మొదలయ్యేలోపు ఒక్కసారి మీ కారు కింద ఫోన్ టార్చ్ వేసి చూడండి. ఏం కనపడిందో కామెంట్లో చెప్పండి.